చలిగదిలో మేకుల్లేని టైర్లు

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులోని చేపల చలిగది దగ్గర ఆ రోజు జరిగిన జగడంలో హయాత్ బాషాయే గెలిచాడని హుస్సేనమ్మ అడిగినవాళ్లకూ చెబుతుంది, అడగనివాళ్లకూ చెబుతుంది. ఆ గోదాములో టీ కాచేది ఆమే. బాషాదీ ఆమె ఊరు రాయచోటే, గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు.

బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల నేలంతా మంచు. బాషా బండి జారి రొయ్యల పెట్టెలను గుద్దింది. అక్కడ అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు సూరిబాబు మండిపడ్డాడు.

"ఇంకోసారి జారిందంటే నీ వీసా ఖలాస్. ఇంటికి పంపేస్తాను!"

"జారేది నేను కాదు సార్, టైరు. ఈ చలికి రబ్బరు రాయి మాదిరి బిగుసుకుంటాంది. మంచుదేశాల టైర్లు ఏయించండి."

"మేకులు దిగేసినవేనా? తెప్పిస్తాలే."

"మేకులు మన నేలను పొడిచి పారేస్తాయి. మేకుల్లేనివి ఉండాయి సార్. చలిలో కూడా మెత్తగానే ఉంటాయి. వాటి మీది సన్న గాట్లే మంచును పట్టుకుంటాయి."

బాషా గాలికబుర్లు చెప్పే రకం కాదు. ఉమ్ అల్ క్వైన్‌లో, చలిదేశాలకు పాత టైర్లు పంపే యార్డులో పనిచేసి వచ్చినవాడు. ఇప్పటికీ ఏ బండి కనబడినా టైరును బొటనవేలితో నొక్కి చూడందే కదలడు.

"మేకుల్లేకుండా మంచు మీద ఆగుతుందా? ఎవరి చెవిలో పువ్వులు పెడతావయ్యా!" సూరిబాబు నవ్వాడు.

హుస్సేనమ్మకు ఒళ్లు మండింది. "నవ్వేది యాడికి పోతాది సామీ? ముందు ఏయించి చూడు. ఆగకపోతే మేము గూడా నీతో నవ్వుతాం."

సరే చూద్దామని సూరిబాబు తెప్పించిన టైర్లు వచ్చాయి. అందరూ కోట్లు తొడుక్కుని చుట్టూ చేరారు. బాషా బరువెత్తుకుని పొడిమంచు మీద తిరిగాడు, జారలేదు. అద్దంలా నునుపుదేలిన చోటికి వచ్చి, పెట్టెలకు ఎదురుగా బ్రేకు నొక్కాడు. బండి గొణిగి, మధ్యలో మనిషి పట్టేంత సందు మిగిల్చి ఆగింది.

అందరూ కేకలు పెట్టారు. టైరును దగ్గర్నుంచి చూద్దామని వెళ్లిన సూరిబాబు కాలుజారి మంచు మీద కూలబడ్డాడు.

"సార్ బూట్లకు గూడా ఒక జత ఏయించండబ్బా!" అంది హుస్సేనమ్మ. చివరికి సూరిబాబూ నవ్వాడు. "గెలిచావులేవయ్యా. బండి నీదే" అన్నాడు.

ఆ సంబరంలో, బయటికి వచ్చిన అదే బండి చేపలు కడిగిన తడి మీద కాస్త జారి ఆగడం ఎవరూ గమనించలేదు, ఆమె తప్ప. బాషా దిగి ఆమె దగ్గరికి వచ్చాడు.

"చూస్తివి కదా పెద్దమ్మా. మంచు మీద ఇది పులి. నీళ్ల మీద మాత్రం అంత నమ్మేదానికి లేదు. నేను మెల్లగానే తోల్తా. ఈడ నీళ్లు ఎవరు వదిలినా నీ నోటికి పని చెప్పు. సారైనా సరే, ఇడిసిపెట్టొద్దు."