గిన్నెడు ఇసుక

మొన్న ఆదివారం పొద్దున చింతచిగురు బాగుచేసుకుంటూ కూర్చున్న వేళ మా తమ్ముడు ఫోన్ చేశాడు. హన్మకొండలో కట్టుకున్న కొత్త ఇంట్లో హాలు గోడకు ఆనించి పెద్ద అద్దాల తొట్టి పెట్టించాడట, పాతదానికంటే పొడవుగా, లోతుగా ఉంటుందట, ఇన్నేళ్ల తర్వాత మళ్లీ సముద్రపు చేపలనూ పగడాలనూ పెంచాలని బుద్ధి పుట్టిందట. అదంతా చెప్పి చివరికి, "అక్కా, జర సోంచాయించి చెప్పు, అడుగున ఇసుక పొయ్యాల్నా, ఉత్త అద్దమే ఉంచాల్నా?" అని అడిగాడు. సాయంత్రం చెబుతానని పెట్టేశాను గానీ, ఆ తర్వాత చిగురులో పుల్లలు ఏరానో, పుల్లల్లో చిగురు ఏరానో నాకే తెలియలేదు.

నా ఈడువాళ్లకు ఇది నవ్వులాటగా ఉండవచ్చు. చేపల తొట్టిలో ఇసుక ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అనుకుంటారు. కానీ మా ఇంట్లో ఒకప్పుడు ఆ ఒక్క ప్రశ్న మీద మాటలు బందయ్యాయి, వడ్డించిన అన్నాలు చల్లారాయి. నిజం చెప్పొద్దూ, అది ఇసుక గురించిన తగవు కానే కాదు. మా తమ్ముడి ఇంట్లో నా చోటెంత, నా తర్వాత వచ్చిన మనిషి చోటెంత అన్నదే అసలు తగవు. ఆ మనిషి మా మరదలు, తమ్ముడి భార్య. ఆమె మీద నాకు అప్పుడు అసూయ ఉండేది. ఇప్పుడూ ఉంది. వయసుతో మోకాళ్లు అరిగాయి గానీ అది మాత్రం అరగలేదు.

ఓరుగల్లు కాశిబుగ్గలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. ముందుగదిలో గుంట మగ్గం ఉండేది, అమ్మ ఆ గుంటలోకి కాళ్లు దించి కూర్చుందంటే పొద్దు వాలేదాకా లేచేది కాదు. నేస్తున్నంతసేపూ నూలు నుంచి రాలే నూగంతా ఆ గుంటలోకే చేరేది, మరునాడు అమ్మ మగ్గమెక్కక ముందే నేను అందులోకి దిగి, చీపురుతో మూలమూలా ఊడ్చి, చాటలోకి ఎత్తిపోయాలి. నూగు నిలిస్తే పురుగు పడుతుందని, పురుగు పడితే నేసినది దక్కదని అమ్మ గట్టి నమ్మకం. కాబట్టి అడుగున పేరుకున్నది ఏదైనా సరే, కంటికి కనబడాలి, కనబడగానే ఎత్తిపోయాలి అన్నది నాకు అక్షరాలకంటే ముందు వచ్చిన చదువు. తర్వాత అమ్మకు చూపు తగ్గింది, మగ్గం అమ్మేశాం, గుంటను మొరంతో పూడ్చి పైన బండ పరిచాం. నేను అప్పటికి అదే వీధిలో నాలుగిళ్ల అవతల కాపురం ఉంటూ ఒక జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను.

తమ్ముడిది ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే షాపు. హైదరాబాదులో ఏదో హోటల్లో పనికని పోయి, అక్కడి సముద్రపు తొట్టిని చూసి, వచ్చిన పని మరిచిపోయి దాని ముందే నిలబడ్డాడట. మా ఇంట్లో అప్పటికి సముద్రాన్ని కళ్లారా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అలాంటి ఇంట్లో, మా ఓరుగల్లు ఎండల్లో, ప్రాణమున్న పగడాలు పెంచుతానంటే నవ్వనివాళ్లు లేరు. వాడు మాత్రం పాత వాటర్ కూలర్ ఒకటి విప్పి, దాని మిషనుతోనే నీళ్లు చల్లబరిచే ఏర్పాటు చేసుకుని, మగ్గం ఉన్నచోట పరిచిన ఆ బండ మీదనే తొట్టి నిలబెట్టాడు. ఫిల్టరు నీళ్లలో సముద్రపు ఉప్పు కలపడం, కలిపినదాన్ని కొలవడం, వారం వారం నీళ్లలో ఏది ఎక్కువైందో ఏది తక్కువైందో పరీక్ష చేసి చెప్పడం నా వంతు. ల్యాబ్ నుంచి వచ్చి, ఇంట్లో బియ్యం కడిగి పెట్టి, కొంగు తుడుచుకుంటూ అక్కడికే పోయేదాన్ని. వాడు నా మాట వినిగాని చిటికెడు ఉప్పు వేసేవాడు కాదు. ఆ రోజుల్లో తొట్టి అడుగు ఉత్త అద్దమే. రాలిన చెత్త రాలినట్టు కనబడేది, సన్నటి పైపు పెట్టి లాగేసేదాన్ని. అమ్మ మంచం మీద నుంచి ఆ చప్పుడు విని, మగ్గం గుంట ఊడుస్తున్నట్టే ఉన్నదే అనేది. నాకు అంతకంటే కావలసింది ఏముంది?

అప్పుడు వాడికి పెళ్లయింది. పరకాల దగ్గరి పల్లె నుంచి, పత్తి చేలలో పెరిగిన పిల్ల వచ్చింది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు గదా, ఆ లెక్కన నాకు కొంత పెత్తనం ఉంటుందనే అనుకున్నాను. ఆ పిల్ల నన్ను ఎదిరించిందీ లేదు, ఒక్క పెడసరపు మాట అన్నదీ లేదు. అంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలని కడుపుమంట చల్లార్చుకునేదాన్ని. వచ్చిన నెల తిరక్కుండా ఉప్పు కొలిచే గాజు గొట్టం చదవడం నేర్చుకుంది. ఒకనాడు నేను పోయేసరికి నీళ్లు కలిపి, కొలిచి, మూతపెట్టి ఉన్నాయి. వదినెకు రోజూ శ్రమ ఎందుకని తానే చేసిందట. నేను మళ్లీ కొలిచాను. సరిగ్గానే ఉంది. అంత ఒళ్లు మండిన రోజు నా జీవితంలో ఇంకొకటి లేదు.

ఇసుక మాట ఎత్తింది ఆమే. ఉత్త అద్దం మీద ఆ చేపలు బండ మీద కోళ్లలాగా ఉన్నాయని, కింద నేల లేని బతుకు ఏం బతుకని, నేల ఉంటే అందులో పురుగూ పుట్రా పుట్టి చెత్తను అదే తింటుందని ఆమె వాదం. చెత్తను తినేదాన్ని పెంచడమేమిటి, ఊడ్చి పారేయక అని నా వాదం. మాది నేత ఇల్లు, వాళ్లది సేద్యపు ఇల్లు, ఎవరు పుట్టిన తీరు వాళ్లది. తమ్ముడు ఇద్దరి మధ్యా నలిగి, ఇంటర్నెట్‌లో చదివి, రెండు పద్ధతులూ మంచివేనని తేల్చి, చివరికి హైదరాబాదు నుంచి తెల్లటి పగడపు ఇసుక తెప్పించాడు. రెండూ మంచివేనన్నప్పుడు ఆమె వైపే ఎందుకు మొగ్గాలి అని నేను ఎవర్నీ అడగలేదు, మా ఆయన్ని తప్ప. ఆయన పేపరు మడిచి, కొత్త ఒక వింత, పాత ఒక రోత అని నవ్వి ఊరుకున్నాడు.

ఇసుక వచ్చాక ఆమె ఒక పసుపు చేపను తెప్పించుకుంది. వేలంత ఉండేది, దానికి పసుపుకొమ్ము అని పేరు పెట్టింది. పొద్దుగూకే వేళకు అది తలకిందులై ఇసుకలోకి దూరి, ముసుగు తన్ని పడుకునేది. ఆ పడక చూడడానికి మొగుడూ పెళ్లాలు ఇద్దరూ నేల మీద బాసింపట్టు వేసుకుని తొట్టి ముందు కూర్చునేవాళ్లు. అమ్మకు కనబడదని మరదలు పక్కనే కూర్చుని చెప్పేది, ఇగో అత్తమ్మా, తల పెట్టింది, తోక కూడ పోయింది అని. నేను గడప దగ్గర చెప్పులు విడుస్తూ ఆ మాటలు వినేదాన్ని. వాళ్లు జరిగి చోటిచ్చేవాళ్లు. జరిగి ఇచ్చిన చోట్లో కూర్చోవడం ఎంత కష్టమో అది ఎరిగినవాళ్లకే తెలుసు.

ఒక ఏడు తమ్ముడూ మరదలూ ఎవరిదో పెళ్లికని వేరే ఊరికి పోయారు. అదే సమయంలో మరదలి నాయన కంటి దవాఖానలో చూపించుకోవడానికి వచ్చి, అమ్మకు తోడుగా ఇంట్లో ఉన్నాడు. మంచి మనిషి, చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోలేని రైతు. నేను సాయంత్రం ల్యాబ్ నుంచి అటే పోయాను. గడపలోనే ముక్కు పగిలే వాసన, కుళ్లిన గుడ్ల వాసన. కాలేజీలో పిల్లలకు ఉప్పుల పరీక్ష ఉన్న రోజున మా ల్యాబంతా నిండే వాసన అది, నాకు వేరేగా ఎవరూ చెప్పనక్కర్లేదు. తొట్టి నీళ్లు బూడిద కలిపినట్టున్నాయి. ఆయన కర్ర తెడ్డు పట్టుకుని ముఖమంతా నవ్వుతో నిలబడి, "భూమి గట్టిపడ్డది బిడ్డా, గాలి ఆడ్తలేదు. సాళ్ల నడుమ గుంటుక తోలినట్టు జర గుల్ల జేసిన" అన్నాడు.

ఇసుక లోతున గాలి తగలనిచోట విషం ఊరి ఉంటుందని, కదపనంతవరకే ఆ ఇసుక మనకు చుట్టమని ఆయనకు ఎట్లా తెలుస్తుంది? చేనును గుల్ల చేయకపోతే పంట పోతుందని జీవితమంతా నేర్చుకున్న మనిషి. ఎదురుగా నేల కనబడితే చేయి ఊరుకుంటుందా? డ్రమ్ములో కలిపి ఉంచిన ఉప్పునీళ్లు ఉండబట్టి, కదులుతున్న చేపలను నేను గబగబా అందులోకి మార్చాను. చారల చేపల జంట, పసుపుకొమ్ము దక్కాయి. మిగతావి పోయాయి, పగడాలు చాలావరకు ముడుచుకుని మళ్లీ విచ్చుకోలేదు. చేపల మీద జాలి కలిగింది. ఆ జాలి అడుగున, నేను చెప్పినట్టే అయింది గదా అన్న సంతోషం కూడా చల్లగా కదిలింది.

తెల్లవారి తమ్ముడు వచ్చాడు. నన్ను మెచ్చుకుంటాడని చూశాను. వాడు నేరుగా మామ దగ్గరికి పోయి, తల వంచుకుని కూర్చున్న ఆ మనిషి భుజం మీద చేయి వేసి, "పోనీ మామా, నువ్వు మంచికే జేసినవ్, ఫికర్ జెయ్యకు" అన్నాడు. నాకు ఒక్క మాట లేదు. సొంత అక్క చేసింది ఎటూ చేయవలసిందే గదా, దానికి మెప్పెందుకు. ఓదార్పు కూడా బయటివాళ్లకే దక్కుతుందని ఆ రోజు అర్థమైంది, తప్పు చేసినవాళ్లను చూసి అసూయపడ్డ మనిషిని లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇసుకంతా తీసేశారు. తొట్టి కడిగి, పగడాలు ఉండే రాళ్లు మళ్లీ పేర్చి, అడుగు ఉత్త అద్దం చేశారు. మరదలు ఎదురుచెప్పలేదు, తన చేత్తోనే ఎత్తిపోసింది. నేను గెలిచాను. కానీ ఆ సాయంత్రం పొద్దుగూకే వేళకు పసుపుకొమ్ము అలవాటు ప్రకారం తలకిందులైంది. ముక్కు అద్దానికి తగిలింది. కాస్త జరిగి మళ్లీ పొడిచింది. ఇంకో మూలకు పోయి మళ్లీ. మేమందరం చూస్తూ కూర్చున్నాం. ఏం చేస్తున్నది బిడ్డా అని అమ్మ అడిగింది. జాగ దొర్కుతలేదు అత్తమ్మా అని చెప్పి మరదలు కళ్లు తుడుచుకుంది.

అమ్మ లేచి గోడ పట్టుకుంటూ వంటింట్లోకి పోయింది. పెరుగు తోడుపెట్టే పింగాణి గిన్నె, అంచున నీలం గీత ఉండేది, నన్ను చిన్నప్పటి నుంచి దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు, పగలగొడతానని. అది తెచ్చి మరదలి చేతిలో పెట్టి, దీనినిండ ఇసుక పోసి ఒక మూలకు పెట్టు, పండుకుంటది అన్నది. గుంటలో నూగు నిలవనివ్వని మా అమ్మ! ఇసుకను కడిగి గిన్నెలో నింపి పెట్టారు. పసుపుకొమ్ము చుట్టూ తిరిగింది, ఆగింది, తల పెట్టింది, తోక కూడా పోయింది. తొట్టి అంతా నా మాట ప్రకారమే ఉంది, అందరి చూపులూ ఆ గిన్నెలోనే ఉన్నాయి. ఆ తర్వాత ఆ చేప ఉన్నన్నాళ్లూ నేను అద్దం మీది చెత్త లాగేదాన్ని, మరదలు గిన్నె చూసుకునేది, ఒకరి చోట్లో ఒకరం చేయిపెట్టకుండా సాయంత్రాలు గడిచాయి. ఎప్పుడో అమ్మ పోయింది, వాళ్లకు పిల్లలు పుట్టారు, తొట్టి మెల్లగా ఖాళీ అయింది, వాళ్లు కాశిబుగ్గ విడిచి హన్మకొండ చేరారు. నేను అక్కడికి పోవడం పండుగలకూ ఫంక్షన్లకూ మిగిలింది.

ఆదివారం సాయంత్రం నేనే ఫోన్ చేశాను. పొద్దంతా కూర్చి పెట్టుకున్న జవాబు నోట్లోనే ఉంది, అద్దమే మంచిదని. నేను నోరు తెరవకముందే తమ్ముడు, "అద్దమే ఉంచుదామని ఆమె అన్నదక్కా, వదినె చెప్పిందే కరెక్టన్నది" అన్నాడు. అంటే వాళ్లిద్దరూ అప్పటికే అనుకున్నారు, నన్ను అడగడం మర్యాదకు. ఉప్పు కొలిచే యంత్రం ఉందట, ఏది ఎక్కువైనా తక్కువైనా ఫోన్‌కే వస్తుందట, వేడి ఎంతో, చలువ ఎంతో షాపులో కూర్చునే చూసుకోవచ్చట. మంచిదే. కానీ ఒకప్పుడు ఆ తొట్టి బతకాలంటే ఉప్పుకు ఒకరు, చలువకు ఒకరు, నేలకు ఒకరు రోజూ దాని ముందు కూర్చోవలసి వచ్చేది, కూర్చున్నందుకే పోట్లాడుకునేవాళ్లం, పోట్లాడుకోవడానికైనా రోజూ చెప్పులు వేసుకుని పోయేదాన్ని. ఆమె నా మాట ఒప్పుకుని, నాకున్న ఆ ఒక్క సాకునూ తీసేసింది. అందుకే, మరి గిన్నె సంగతేమిటని అడిగాను.

ఫోన్ చేతులు మారింది. "గిన్నె పెట్టకుంట ఎట్లుంటది వదినె," అన్నది మరదలు, "అత్తమ్మ గిన్నె నా బీరువల్నే ఉన్నది, పాత చీరల చుట్టి పెట్టిన. నువ్వచ్చి ఇసుక కడుగు."

వచ్చే ఆదివారం పోతున్నాను. మా అమ్మ పోయాక, ఆమె వస్తువులు ఎవరికి ఏవి కావాలని తమ్ముడు అడిగిన రోజున నేను కంచు చెంబూ, రెండు పట్టుచీరలూ తెచ్చుకున్నాను. చెంబు ఎక్కడుందో వెతకాలి. ఆ పెరుగు గిన్నె మాత్రం నేను అడగనే లేదు, అడగాలని తోచలేదు. ఆమెకు తోచింది. ఇన్నేళ్లు మెత్తటి చీరలో చుట్టి దాచింది. ఇంతకంటే పెద్ద అసూయ నాకు ఇక మిగిలి లేదనుకుంటాను.