లారీ వెనక మా చిన్నమ్మ

పోయిన శనివారం హుజూరాబాద్‌లో మా చిన్నమ్మ కన్నుమూసింది. కబురు అందేసరికి నేను ఆసిఫాబాద్ దగ్గర అడవిలో కలప లోడు ఎక్కిస్తున్నాను. బండి తోటి డ్రైవరుకు అప్పగించి బస్సెక్కాను గానీ, కడసారి చూపు దక్కలేదు.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. మట్టి మోసి బతికిన మనిషి. స్టీరింగ్ ఎన్నడూ పట్టలేదు. అయినా లారీ వెనక్కి తీయడం నాకు నేర్పింది ఆమే.

పన్నెండేళ్ల కిందట ఉట్నూర్ పోయే దారిలో కొత్త చెరువుకు కట్ట పోస్తున్నారు. నాకు అప్పుడే లైసెన్సు వచ్చింది. చిన్నమ్మా నేనూ ఒకే గుత్తేదారు దగ్గర పని. ఒక మధ్యాహ్నం అంబలి తాగి వచ్చి, ఆపి ఉంచిన లారీ ఎక్కి వెనక్కి వదిలానో లేదో, బాడీ మీద దబదబా చప్పుడు. బ్రేకు తొక్కాను. చిన్నమ్మ ఇనుప తట్టతో బాదుతోంది.

"ఏంది చిన్నమ్మా, సొట్టవడ్తది!"

"దిగు. దిగి సూడు."

వెనక చక్రానికి జానెడు దూరంలో, లారీ నీడన, నిండు నెలల మనిషి కొంగు కప్పుకుని నిద్రపోతోంది. పొద్దున్నుంచి తట్టలు మోసిన అలసటకు ఇంజను మోత కూడా ఆమెను లేపలేదు. చిన్నమ్మ తిట్టలేదు.

"నీకు ముందల రెండు కండ్లున్నయి గని, ఎనుకకు ఒక్కటి గూడ లేదు. బండెక్కేముందు సుట్టూ ఒక్కపారి తిరిగి రా కొడుకా."

మర్నాటి నుంచి తానే లారీల వెనక నిలబడింది. క్లీనర్ల దగ్గర రెండు మాటలు పట్టింది: బండిని రానివ్వడానికి "ఆనే దో", ఆపడానికి "బస్". నేరుగా వెనక ఉండేది కాదు, మా అద్దంలో కనబడేట్టు ఒక పక్కకు నిలబడేది. "నేను కనవడకపోతే ఆగు. ఎందుకని అడుగకు, ఆగు" అనేది. తంబాకంటే ప్రాణం, కానీ బండి కదిలే వేళ నోట్లో పెట్టేది కాదు. "నోట్లె తంబాకు ఉంటె 'బస్' అనుడు ఆల్శమైతది" అని నవ్వేది.

ఒకరోజు పెద్ద ఇంజనీరు వస్తున్నాడని మేస్త్రి హడావిడి పడ్డాడు. ముందురోజంతా వాన. చిన్నమ్మ పక్కన తానూ నిలబడి చేతులూపడం మొదలుపెట్టాడు. ఆమె చేయి దించేసింది.

"ఇద్దరం ఊపితె డ్రైవర్ ఎవల మాట ఇనాలె మేస్త్రీ? కట్ట అంచు పచ్చిగున్నది. గీ పొద్దు బండ్లు అంచుదాక రావద్దు."

"నాకు చెప్పేంతదానివైనవా? పో, పోయి తట్ట మొయ్యి!"

చిన్నమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటుంది. మేస్త్రి చేయి ఊపాడు, నేను వెనక్కి తీశాను. వెనక చక్రాల కింద కట్ట జారింది. లారీ ఒరుగుతుంటే తలుపులోంచి దూకాను. అది మట్టితో సహా కిందికి దొర్లింది.

కింద మట్టి చదును చేస్తున్న ఎనిమిది మంది ఉండాలి. ఎవరూ లేరు. మేస్త్రి వెళ్లగొట్టినప్పుడు చిన్నమ్మ తట్ట దగ్గరికి పోలేదు. కట్ట దిగి, ఆ ఎనిమిది మందినీ బతిమాలి, కసిరి, దూరంగా తోలింది.

ఉరికి వచ్చి నా చేతులు, కాళ్లు తడిమింది. "దెబ్బ తాకిందా కొడుకా?" అంతే. నేను తల దించుకున్న సంగతి ఎన్నడూ ఎత్తలేదు. మొన్న ఎండాకాలం మంచం పట్టినప్పుడు నేనే ఎత్తాను.

"గా పొద్దు నేను నోరు తెర్వలే చిన్నమ్మా."

"దుంకినవు గదా, గదే శాన" అని నా చేయి నిమిరింది.

లారీ పడిన మర్నాడు మేస్త్రి ఆమె దగ్గరికి వచ్చి, "నువ్వు చెప్పినంకనే బండ్లు కదుల్తయమ్మా" అన్నాడు. ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపి కట్ట మీదికి నడిచింది. లారీలన్నీ ఇంజన్లు ఆపి వరుసగా నిలబడ్డాయి. మేమంతా తలుపుల్లోంచి వంగి చూస్తున్నాం. వట్టి కాళ్లతో ఆమె అంచు వెంట ఒక్కో అడుగే వేస్తూ, మడమతో మట్టిని అదిమి, వంగి ఆ గుంట లోతు చూసుకుని, మళ్లీ ముందుకు సాగుతోంది.