ఉయ్యూరు దాటాక ఆగిన స్కూటరు

అంతోని తన స్కూటరు మీద మెకానిక్ చెయ్యి పడనివ్వడు. ఈ సంగతి విజయవాడ గుణదలలో ఆ వీధి వీధంతటికీ తెలుసు, ఎందుకంటే అందరికీ చెప్పింది అతనే. కొత్తగా పరిచయమైనవాళ్ళకు తన పేరు, ఉద్యోగం చెప్పాక మూడోమాటగా ఇదే చెప్పేవాడు. చేసేది రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా పని. ఆ పనిలో పెన్ను తప్ప ఇంకో పనిముట్టు పట్టే అవసరం లేదు. ఆ లోటంతా ఆదివారాలు తీర్చుకునేవాడు.

చర్చిలో ఆరింటి పూజనుంచి రావడం, లుంగీ కట్టడం, వరండాలో గోనెసంచి పరిచి స్కూటరు పక్కమూత ఊడదీయడం. ఇక సంపూర్ణ కాఫీ చల్లారిపోవాల్సిందే. పాత చీర గుడ్డలు, గిన్నెలో కిరసనాయిలు, ఊడదీసిన మరలు వరసగా పెట్టుకోవడానికి ఒక పళ్ళెం ఆమె అందించాలి. అది అన్నం తినే పళ్ళెం. కొత్తలో ఒకసారి "వేరేది తెస్తానండీ" అంది. "కడిగితే పోదా?" అన్నాడతను. కడిగితే పోలేదు. ఎన్నిసార్లు తోమినా కూరలో కిరసనాయిలు వాసన వచ్చేది, ఆ వాసన తనకే తెలుస్తున్నట్టు ఆమె ఒక్కతే ముఖం చిట్లించుకునేది.

పెళ్ళయింది తొంభైలో. పదకొండేళ్ళు పక్కన కూర్చుని చూసిన మనిషికి ఆ పని రాకుండా ఎలా ఉంటుంది? ఎవరూ నేర్పకుండానే సంపూర్ణకు వచ్చేసింది. వీధి మలుపులో బండి చప్పుడు వినే క్లచ్చి వైరు సాగిందో, ప్లగ్గు మాడిందో చెప్పగలిగేది. చెప్పేది మాత్రం కాదు. ఒకసారి ఎదురింటి సంజీవరావుగారు నిలబడి చూస్తుండగా, "ఆ నట్టు అటు కాదేమోనండీ" అని నోరు జారింది. నట్టు నిజంగానే అటు కాదు. అంతోని అప్పుడేమీ అనలేదు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. అలిగిన మొగుణ్ణి బతిమాలడం ఎంత పనో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. ఆ తర్వాత ఆమె అతని పని మీద నలుగురిలో మాట్లాడలేదు.

ఆ రోజుల్లో స్కూటర్లకు పెట్రోల్లో ఆయిల్ కలిపి పొయ్యాలి. అంతోనికి బంకు కుర్రాళ్ళ మీద నమ్మకం లేదు. ఇంటి దగ్గర ఆయిల్ డబ్బా పెట్టుకుని, మందు తాగే గ్లాసుతో కొలిచి తనే పోసేవాడు. రెండువేల ఒకటిలో బంకులో మిషన్ పెట్టి, ఆయిల్ కలిపిన పెట్రోలే ఇవ్వడం మొదలుపెట్టారు. అంతోని ఆ పెట్రోలే పోయించుకుని, ఇంటికొచ్చి మళ్ళీ తన గ్లాసు తను పోసేవాడు. "మిషన్‌లో ఏం కలుపుతున్నారో మనం చూశామా?" అనేవాడు. బండి వెనక నల్లటి పొగ. ఆరేసిన బట్టల మీద మసి. ఇంజనుకు బలం పట్టిందని అతని సంతోషం.

సంపూర్ణ పెళ్ళికి ముందే టీచరు ట్రైనింగ్ అయింది. ఏళ్ళ తరబడి ఒక ప్రైవేటు బళ్ళో, నెలంతా గొంతు పోగొట్టుకున్నా ఆయాకు ఇచ్చినంత కూడా ఇవ్వని చోట, ఒకటో తరగతి చెప్పింది. కూతురు క్రిస్టినాకు ఆరేళ్ళు. పిల్లను పడుకోబెట్టి, తెల్లవారుజామున లేచి చదివి డీఎస్సీ రాసింది. మంచి ర్యాంకు వచ్చింది. మచిలీపట్నంలో కౌన్సెలింగు. ర్యాంకుల వారీగా పిలుస్తారు, పిలిచినప్పుడు ఉన్నవాళ్ళు ఖాళీల పట్టికలోంచి బడి కోరుకోవచ్చు. లేనివాళ్ళకు ఆఖర్న మిగిలిందే. ఎనికేపాడులో ఒక ఖాళీ ఉందని ఆమెకు తెలుసు. ఇంటినుంచి సిటీబస్సులో పావుగంట. క్రిస్టినాను తనతో పాటు అదే బళ్ళో వేసుకోవచ్చు. మూడు వారాలుగా ఆమె మనసులో ఎనికేపాడు తప్ప ఇంకో ఊరు లేదు.

"ఆరింటి బస్సుకు వెళ్ళిపోతానండీ" అంది ముందురోజు.

"బండి పెట్టుకుని బస్సులో ఎందుకు? నిన్ననే అంతా విప్పి బిగించాను. నేను దింపుతాగా" అన్నాడు అంతోని.

బండి రెండు రోజులుగా తుమ్ముతోంది. ఆమె వింది. ఊరుకుంది.

ఉయ్యూరు దాటిన రెండు కిలోమీటర్లకు స్కూటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. టైము ఎనిమిదింపావు. అటూ ఇటూ కోతకొచ్చిన వరిచేలు, రోడ్డు పక్క కాలువ, ఒక సిమెంటు దిమ్మ. అంతోని బండిని పక్కకు వంచాడు, కిక్కు కొట్టాడు, మళ్ళీ వంచాడు, మళ్ళీ కొట్టాడు. చొక్కా విప్పి హ్యాండిలుకు తగిలించాడు.

చుట్టుపక్కల ఎవరూ లేరు కనుక సంపూర్ణ ధైర్యం చేసింది.

"ఆయిల్ రెండుసార్లు పడుతోందండీ. బంకులో కలిపిందీ, మీరు పోసిందీ. ప్లగ్గు తుడిచి, టాంకులో సగం తీసేసి ఉత్త పెట్రోలు పోస్తే సరిపోతుందేమో."

అంతోని తల కూడా ఎత్తలేదు. "కార్బొరేటర్‌లో చెత్త పడింది. పదినిమిషాల పని."

కార్బొరేటర్ విప్పాడు. గుడ్డ పరిచి మరలు పేర్చాడు. అప్పుడే మచిలీపట్నం బస్సు వచ్చింది. ఎక్కడ చెయ్యెత్తినా ఆగే బస్సు. సంపూర్ణ అతనివైపు చూసింది. అతను పెట్రోలు దిగే సన్నటి జెట్టును నోట్లో పెట్టుకుని ఊదుతున్నాడు. బస్సు వెళ్ళిపోయింది.

రెండోది తొమ్మిదికి వచ్చింది. "నేను దీన్లో వెళ్ళనా?" అంది.

"వెళ్ళు. రోడ్డు మీద నన్నొదిలేసి వెళ్ళు. అంతోనికి బండి బాగుచేయడం రాలేదని ఊరంతా చెప్పుకుంటారు, నీకదేగా కావాల్సింది" అన్నాడు. ఆమె వెళ్ళలేదు. దిమ్మ మీద కూర్చుని, ఫైలు మీద పడ్డ దుమ్ము చీరకొంగుతో తుడిచింది. ఫైల్లో మార్కుల లిస్టులు, ట్రైనింగ్ సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు ఫొటోలు ఉన్నాయి. ఫొటోల కోసం కొత్త జాకెట్టు కుట్టించుకుంది.

మూడో బస్సు వచ్చేటప్పటికి తొమ్మిదిన్నర దాటింది. ఈసారి అతను ఏమీ అనలేదు. మసి చేతుల్తో కాలువ ఒడ్డున జారిన చిన్న స్ప్రింగు కోసం గడ్డిలో వెతుకుతున్నాడు. ఆమె లేచి నిలబడింది. డ్రైవరు ఆమెను చూసి వేగం కూడా తగ్గించాడు. చెయ్యొక్కటే ఎత్తాలి. గడ్డిలో మోకాళ్ళ మీదున్న మొగుణ్ణి చూస్తే ఆ చెయ్యి లేవలేదు. డ్రైవరు విసుక్కుని హారన్ కొట్టి పోయాడు.

నాలుగో బస్సు పదిన్నరకు. ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. "ఏవండీ, వెళ్తున్నా" అన్నమాట నోట్లోంచి వచ్చేటప్పటికే కాళ్ళు మెట్ల మీద ఉన్నాయి.

హాల్లోకి వెళ్ళేసరికి పన్నెండు కావస్తోంది. ఆమె నంబరు పదకొండింటికే పిలిచారట, మూడుసార్లు. ఎనికేపాడు తన తర్వాతి నంబరు అమ్మాయి తీసుకుంది. ఆ అమ్మాయి బయట మిఠాయి పంచుతూ, ఏమీ తెలియక ఈమెకూ ఒకటి పెట్టింది. సంపూర్ణ తీసుకుంది. రెండు గంటలు బెంచీ మీద కూర్చుంది. ఆఖర్న మిగిలింది నాగాయలంక దాటి, పడవెక్కి వెళ్ళాల్సిన ఒక లంక ఊరు. అక్కడే కాపురం ఉండాలి. క్రిస్టినాను నూజివీడులో అమ్మమ్మ దగ్గర వదలాలి.

కాగితం ఆమెవైపు తిప్పుతూ ఆఫీసరు అడిగాడు. మంచివాడే, విసుగు లేకుండానే అడిగాడు.

"ఇంత ర్యాంకు తెచ్చుకుని ఆలస్యం ఏమిటమ్మా?"

"దారిలో బండి ఆగిపోయిందండీ."

"బస్సులు లేవా?"

"ఉన్నాయండీ. మూడు వెళ్ళాయి."

ఆయన పెన్ను అందించాడు. సంతకం పెట్టింది. మొగుడి మీద కోపం రావాల్సిన చోట తన మీద తనకు అసహ్యం వేసింది. కట్టేసి ఉంచిందెవరు తనను? తన చెయ్యి తనకు లేదా?

బయటికొచ్చేసరికి గేటు దగ్గర అంతోని ఉన్నాడు. స్కూటరుకు ఆనుకుని సోడా తాగుతున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"నువ్వు అలా వెళ్ళావో లేదో దొరికిపోయింది. కార్బొరేటర్ కాదు, ప్లగ్గు మసి పట్టింది. ఆయిల్ రెండుసార్లు పడుతోంది కదా, అదీ సంగతి. సగం పారబోసి, ఉయ్యూరునుంచి ఉత్త పెట్రోలు తెచ్చి పోశాను. మెకానిక్ అయితే ఇంజనంతా విప్పించేవాడు. అన్నట్టు, ఎక్కడిచ్చారు?"

ఆమె ఊరి పేరు చెప్పింది.

అంతోని ఒక క్షణం సోడా సీసాలోకి చూశాడు. "పోనీలే. గవర్నమెంటు ఉద్యోగం, ఎక్కడైతే ఏం. శనివారం శనివారం నేనే వచ్చి తీసుకొస్తా" అని, కిక్కు కొట్టాడు. మొదటి కిక్కుకే స్టార్టయింది.

"ఎక్కు" అన్నాడు.

సంపూర్ణ ఫైలు ఒళ్ళో పెట్టుకుని వెనక సీటు మీద కూర్చుంది. మచిలీపట్నంనుంచి గుణదల దాకా డెబ్భై కిలోమీటర్ల పైమాట. బండి ఎక్కడా ఆగలేదు.