బిడ్డ మోకాలి గురించి నేను చెప్పిన సాక్ష్యం

తల్లి కడుపులో ఎముకకు ఎముకను కూర్చే దేవునికి స్తోత్రం. ఎండలో పనిచేసే చేతులకు బలమిచ్చేవాడు ఆయనే. మా అతిక్రమాలు చూసి కూడా ప్రతి ఉదయం మమ్మల్ని లేపేవాడు ఆయనే. మహిమంతా ఆయనకే చెందాలి. ఇక్కడ రాయబోయే సంగతిలో ఆయన వల్ల జరిగిన తప్పేమీ లేదు. తప్పు నాది. ఆ మాట ముందే చెప్పుకుంటున్నాను.

నేను సిద్దిపేటలో మేస్త్రీని. మా చర్చి సంఘంలో పెద్దగా కూడా ఉన్నాను. మాకు ఒక్కతే బిడ్డ, పదిహేడేళ్లది, ఫుట్‌బాల్ ఆడుతుంది. పోయిన ఎండాకాలం, పోటీలు మొదలయ్యే ముందు ఆడపిల్లలకు శిక్షణ శిబిరం పెట్టారు. దాని చివర జిల్లా జట్టు ఎంపిక. ఆ జట్టులో చోటు తప్ప బిడ్డకు వేరే ధ్యాస లేదు.

ఆమె ఆడేది ముందు వరుసలో. వెనక నుంచి దూరంగా కొట్టిన బంతిని అందుకుని, తోటివాళ్లు వచ్చేదాకా కాలి దగ్గరే ఆపి పెట్టుకోవాలి. మొదటి వారం ఆమెకు అది అస్సలు చేతకాలేదు. బంతి కాలికి తాకడం, ఎగిరి అవతలికి పోవడం. నేను పనికి వెళ్తూ మైదానం దగ్గర బండి ఆపి చూసేవాణ్ణి.

"ఏందే, అది కాలా గోడనా? తాకి వాపస్ పోతుంది," అన్నాడు శిక్షణ ఇచ్చే సారు.

"వాళ్ల బాపు మేస్త్రీ గద సార్, సిమెంటు కొట్టిచ్చుకొని వచ్చింది," అంది గోల్ దగ్గర నిలబడ్డ పిల్ల. అందరూ నవ్వారు. మా బిడ్డ కూడా నవ్వింది కానీ ఆ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేదు.

మరుసటి రోజు ఆమెను పని దగ్గరికి తీసుకుపోయాను. కింద నుంచి కూలి మనిషి ఇటుక విసురుతుంటే, మంచె మీద నిలబడి అందుకోవడం చూపించాను. "ఇటుకకు చెయ్యి ఎదురు పెడితే ఏళ్లు పగులుతయి బిడ్డా. అది వచ్చేటప్పుడు చెయ్యి గూడ దానితోనే ఎనుకకు పోవాలె."

ఆమె చాలాసేపు చూసింది. ఇంటికి వచ్చి, నేను ప్లాస్టరింగ్ చేయకుండా వదిలేసిన వెనక గోడకు బంతి కొట్టడం మొదలుపెట్టింది. బంతి తిరిగి వస్తుంటే కాలు దానితోపాటు వెనక్కి తీసేది. మూడో వారానికి ఎంత ఎత్తు నుంచి పడ్డ బంతయినా ఆమె పాదం దగ్గర చప్పుడు లేకుండా ఆగేది. ఇంతకు ముందు నవ్విన గోల్ పిల్లే, "కొట్టున్రే, గోడకు మంచిగ మెత్తదనమొచ్చింది," అని అరిచేది. సారు నన్ను పిలిచి, "అన్నా, ఈమె ముందల లేకుంటె ఈసారి నా జట్టు లేదు," అన్నాడు. ఆ మాటకు దేవుణ్ణి స్తుతించాను. నిజం చెప్పాలంటే కొంత నన్ను నేనే స్తుతించుకున్నాను.

నాలుగో వారంలో, అలాగే బంతి అందుకుని తిరుగుతుంటే ఆమె మోకాలు మెలిపడింది. దవాఖానలో డాక్టరు, లోపల కీలును పట్టి ఉంచే నరం కొంత చినిగిందనీ, మూడు వారాలు పరుగెత్తకూడదనీ, ఆ తర్వాత మళ్లీ చూసి చెప్తాననీ అన్నాడు. ఎంపికకు రెండు వారాలే ఉన్నాయి.

గురువారం మా పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చి, మోకాలికి నూనె రాసి ప్రార్థన చేశాడు. ఆయన కన్నీళ్లతో చేసిన ప్రార్థన అది. శనివారానికి వాపు తగ్గింది. బిడ్డ ఇంట్లో నాలుగు అడుగులు వేసింది.

మా సంఘంలో ప్రార్థన చేయించుకున్నవాళ్లు ఆదివారం లేచి, దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పాలి. చెప్పకపోతే మేలు దాచుకున్నట్టు. ఆరాధనకు ముందే నేను చెప్తానంటే అయ్యగారు ఆపాడు.

"డాక్టరు మళ్ల జూడనియ్యి పెద్దాయనా. తొందరేంది? దేవుడు యాడికి పోడు గద."

నేను వినలేదు. లేచి నిలబడి, నా బిడ్డ మోకాలు పూర్తిగా బాగయిందని చెప్పాను. "పూర్తిగా" అనే మాట రెండుసార్లు అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆరాధన అయ్యాక, ఏళ్ల తరబడి మోకాళ్ల నొప్పులతో కుర్చీలోనే కూర్చునే ఒక ముసలవ్వ బిడ్డ చెయ్యి పట్టుకుంది.

"నీ కాలు జూసినంక నాకు పానం లేసొచ్చింది బిడ్డా. నాకు గూడ అయితది."

బిడ్డ నా వైపు చూసింది. ఆ చూపు ఏమిటో నేను అప్పుడు అడిగి ఉండాలి.

సోమవారం మైదానంలో సారు అడిగాడు: "నిజం చెప్పు, నొస్తుందా?"

నేను పక్కనే ఉన్నాను. "లేదు సార్," అంది.

స్లాబు పోశాక దాని కింద ఆసరాగా నిలిపిన సెంట్రింగ్ కర్రలు ఎప్పుడు విప్పాలో నాకు తెలుసు. ఇంటివాళ్లు ఎంత తొందరపెట్టినా మూడు వారాలు నీళ్లు పెట్టి, ఆ తర్వాతే విప్పుతాను. పరాయివాళ్ల ఇంటికి అంత జాగ్రత్తగా ఉండే నేను, నా బిడ్డ కాలి కింద కర్రలు నాలుగు రోజుల్లో లాగేశాను.

ఎంపిక రోజు ఆమె మొదటి బంతిని అందుకున్నప్పుడు నేను సంతోషంగా చూశాను. రెండోది కూడా అంతే. మూడోది చాలా ఎత్తు నుంచి వచ్చింది. పాదం మీద అది మెత్తగా ఆగింది. ఆమె తిరిగింది, పడిపోయింది. బంతి మాత్రం ఆమె పక్కనే, ఆపిన చోటే ఉంది.

దవాఖాన బెంచీ మీద అడిగాను, ఎప్పటి నుంచి నొస్తుందని.

"పోనే లేదు బాపూ."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వు అందరి ముందల చెప్పినవు గద. నేను నొస్తుందంటె నువ్వు అబద్ధమాడినట్టయితది. ఆ అవ్వ ఏమనుకుంటది?"

నరం పూర్తిగా తెగింది. ఆపరేషన్ చేయాలన్నారు. మళ్లీ ఆడుతుందా అంటే డాక్టరు, "చూద్దాం" అన్నాడు. జట్టు ఆమె లేకుండానే పోటీలకు వెళ్లింది. వాన పడుతుంటే వెనక గోడ నల్లబడుతోంది. బంతి మరకలు ఒక్కొక్కటే పోతున్నాయి. బిడ్డ కిటికీ దగ్గర కూర్చుని అటే చూస్తుంది.

చాలా ఆదివారాలుగా నేను చాపలు పరిచి, తల వంచుకుని వెనక కూర్చుంటున్నాను. ఆ ముసలవ్వ ఇప్పటికీ మా బిడ్డ పేరు చెప్పి ప్రార్థన చేస్తుంది. నేను చూడనిదాన్ని చూసినట్టు దేవుని పేరు మీద చెప్పాను. ఆయన చేస్తున్న పనికి సమయం నేను పెట్టాను. ఈ వచ్చే ఆదివారం అదే చోట లేచి నిలబడి, ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఉంది. బిడ్డకు చెప్తే, "నేను గూడ వస్త, నువ్వు నిలవడలేకుంటె నన్ను పట్టుకో," అంది.

ఇది చదివిన మీరు ఒక్క నిమిషం తల వంచండి. ఆదివారం నా కాళ్లు వణకకుండా, నోరు నిజం తప్పకుండా ఉండాలని నాతోపాటు అడగండి. ఆ ముసలవ్వ విశ్వాసం నా మాట వల్ల చెదిరిపోకూడదని అడగండి. నా బిడ్డ మోకాలి కోసం కూడా అడగండి. ఎన్ని రోజులనేది మాత్రం ఆయనకే వదిలేద్దాం. ఆమేన్.