లెమ్ వాగు

నెవాడా ఎడారి గడ్డ మీద ఓర్ఫా గొంతెత్తిందంటే కొయోట్లనే అడవి నక్కలు కూడా పక్కకు తప్పుకునేవి. ఆగస్టు ఎండలో సర్వేయరు హార్లన్ ఆమె పశువుల దొడ్డి దగ్గర ముక్కాలి బల్ల వేసుకుని, కొండలూ గుట్టలూ పటంలోకి ఎక్కిస్తున్నాడు. ఆమె ఇంటి పక్క వాగును మాత్రం తుంపులు తుంపులు నీలం గీతలుగా గీశాడు.

"ఇదేంటయ్యా, నా వాగును ముక్కలు చేశావ్?"

"ఎండాకాలం ఎండిపోయే వాగుకు ఇదే గుర్తమ్మా. ఏడాదంతా పారితేనే నిండు గీత."

"మా ఆయన లెమ్ కూడా మందల వెంట పోయి మంచు పడ్డాకే ఇంటి మొహం చూస్తాడు. ఆయన్నీ ఇలాగే గీస్తావా?"

హార్లన్ నవ్వు ఆపుకున్నాడు. "రూలు నాది కాదమ్మా. ఇంతకీ వాగు పేరేంటి? ఇక్కడివాళ్లు ఏమంటే అదే రాయాలి."

దానికి పేరంటూ లేదు, అందరూ 'వాగు' అనే అనేవారు. ఓర్ఫా ఒక్క క్షణం ఆలోచించి పేరు చెప్పింది.

మరుసటేడు అచ్చయిన పటం వచ్చింది. ఓర్ఫా దాన్ని పొయ్యి పక్క గోడకు మేకులతో కొట్టింది. మంచుతోపాటే దిగిన లెమ్, గుమ్మంలోంచే పటంలో తన పేరు చూసి పొంగిపోయాడు.

"నా పేరే! మరి గీతేంటే, ముక్కలు ముక్కలుగా ఉంది?"

"గీత సరిగ్గానే ఉందిలే. బూట్లు విప్పి లోపలికి రా."