చలివేంద్రం పిలుపు

మిర్చియార్డు గేటు దగ్గర హమాలీలకు మజ్జిగ పోసే చలివేంద్రంలో సేవకు ఆడవాళ్లను పిలిచేది సుబ్బరావమ్మే. ముందురోజు సాయంత్రం, గాలిలో మిరప ఘాటు ఎర్రటి నీడలా తేలుతుండగా, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గడపగడపకూ వెళ్లి బొట్టు పెట్టేది. ఆమె ఉంగరపు వేలు వేసవంతా కుంకుమరంగులోనే ఉండేది. ఆ ఏడు కొత్తగా చేరిన పక్కింటి కోడలు శ్రీరమ్య, "ఈ ఎండల్లో తిరుగుడెందుకు పిన్నిగారూ? ఒక్క మెసేజ్ కొడితే అందరికీ చేరుతుంది" అంది. "బొట్టు పెట్టకుండా పిలిస్తే ఎవరొస్తారే?" అంది సుబ్బరావమ్మ. "చూద్దాం, ఈసారికి మీరు ఇంట్లో కూర్చోండి."

సుబ్బరావమ్మ కుంకుమభరిణె మూత తీయలేదు. పక్కింటి కిటికీలో ఫోను వెలుగు మెరిసినప్పుడల్లా మొహం అటు తిప్పుకునేది. మర్నాడు కావాలనే వెళ్లలేదు. మజ్జిగ పోసే చేతులు లేక పందిరి బోసిపోవాలని, తనకోసం ఎవరో ఒకరు పరుగెత్తుకు రావాలని కోరుకుంటూ అరుగు మీద కూర్చుంది. ఎవరూ రాలేదు. మధ్యాహ్నానికి ఉండబట్టలేక తానే వెళ్లింది. పందిరి నిండా గాజుల చప్పుడు. "ఎవరెవరు ఎగ్గొట్టారే?" అని ఆశగా అడిగింది. శ్రీరమ్య మజ్జిగ పోస్తూనే తలెత్తి నవ్వింది.

"ఒక్కరు కూడా లేరు పిన్నిగారూ. పొద్దున్నే అందరం వచ్చేశాం."