శివనాగరాజు సైకిల్ సంచి

శివనాగరాజు సముద్రానికి భయపడడు. తుఫానుకీ భయపడడు. కాళ్ల దగ్గరికొచ్చిన పామును తోక పట్టుకుని గట్టు అవతలికి విసిరేసే రకం. అలాంటివాడు రెండేళ్లుగా గ్లూకోజ్ పొట్లం ఉందో లేదోనని రోజుకి ఇరవై సార్లు తడుముకుంటూ బతుకుతున్నాడంటే నవ్వొస్తుంది గానీ, అతని చోట మనమున్నా అదే చేస్తాం.

ఇల్లు రేపల్లెలో. వయసు నలభై ఏడు. చిరిగిన వలలు బాగుచెయ్యడం పని. రోజూ సైకిలు మీద నిజాంపట్నం వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తాడు. నెలకి రెండు మూడు సార్లు బాపట్ల దాటి సూర్యలంక నుంచి పిలుపొస్తుంది, అప్పుడు ఒక రాత్రి అక్కడే పడక. బస్సెక్కొచ్చు కదా అని ఎవరైనా అంటే, బస్సు రోడ్డు మీద దింపుతుంది గానీ ఇసకలో బోటు బోటుకీ తిప్పదు కదండీ అంటాడు.

రెండేళ్ల కింద షుగరు మాత్రలకి లొంగక డాక్టరు ఇన్సులిన్ రాశాడు. సూది అతన్ని భయపెట్టలేదు. సూది వేసుకుని వేళకి తినకపోతే షుగరు ఒక్కసారిగా పడిపోతుందనీ, చెమటలు పట్టి, చేతులు వణికి, ఆపైన మనిషే పడిపోతాడనీ, అంతకు ముందే తీపి నోట్లో పడాలనీ డాక్టరు చెప్పిన మాట భయపెట్టింది. భార్య కోటిరత్నానికి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు. రాఘవయ్య గతి చూశాడు మరి. రాఘవయ్యా ఇతనిలాగే వలలు కుట్టేవాడు, ఒకనాడు బోటు మీద కళ్లు తిరిగి పడ్డాడు. పడిపోయే మనిషని పేరొచ్చింది. ఆ తర్వాత బోటు ఓనర్లెవరూ అతన్ని పిలవలేదు.

సంచి గొడవ ఇక్కడే మొదలైంది. రోజువారీ పనికి హ్యాండిల్‌కి తగిలించే గుడ్డసంచి, రాత్రి ఉండాల్సొస్తే క్యారియర్ మీద పెద్ద మూట. దీంట్లోంచి దాంట్లోకి సామాను మార్చడంలో ఒకసారి గ్లూకోజ్ ఇంట్లోనే ఉండిపోయింది. సూర్యలంక దారిలో, చెరుకుపల్లిలో తడుముకుంటే లేదు. షుగరు బాగానే ఉంది, భయానికే చెమటలు పట్టాయి. ఆ రోజే అనుకున్నాడు, రోజుకీ రాత్రి ప్రయాణానికీ ఒకటే సంచి ఉండాలి, అది సైకిలు మీంచి దిగకూడదు అని.

వలతాడుతో క్యారియర్ పొడవూ వెడల్పూ కొలిచి, కొలతకో ముడి వేసుకుని, ఆ తాడు జేబులో పెట్టుకుని తెనాలి రైలెక్కాడు. మొదటి కొట్లో సీటు కింద తగిలించేది చూపించారు, అందులో లుంగీ కూడా పట్టదు. రెండో కొట్లో రెండు పక్కలా వేలాడే జంట సంచులు, తొక్కితే మడమ తగులుతుందని తాడుతో కొలిచి వద్దన్నాడు. చివరికి ట్రాక్టరు సీట్లూ టార్పాలిన్ పట్టాలూ కుట్టే ప్రేమకుమారి దగ్గర తేలాడు.

ఆ పిల్ల అసాధ్యురాలు. సంచి గురించి అడగలేదు. లోపల పెట్టేవన్నీ ఈ బల్ల మీద పెట్టండి బాబాయ్, చూసి కుడతానంది. వలసూదులు, తాడు ఉండలు, కత్తి, టిఫిన్ డబ్బా, లుంగీ, దుప్పటి అన్నీ పరిచాడు. ఇన్సులిన్ పెన్నూ గ్లూకోజ్ పొట్లమూ మాత్రం చొక్కా లోపలే ఉంచుకున్నాడు. మూతి పొడవుగా ఉండే సంచి ఒకటి ఆమె గీసి చూపించింది. రోజూ మూతి మడిచి బిగిస్తే చిన్నదవుతుంది, రాత్రి సామాను ఉంటే మడత విప్పితే పెద్దదవుతుంది, వానొచ్చినా చుక్క దిగదు. పైన రెండు బెల్టులు, ఇనప బకిళ్లు. కొలతలు రాసుకుంటూ ఒక మాట అడిగింది.

"తొందరగా చెయ్యి పెట్టి తీసుకోవాల్సింది ఏమన్నా ఉందా బాబాయ్? ఉంటే బయట చిన్న జేబు కుడతాను."

"అలాంటిదేం లేదమ్మా" అన్నాడు శివనాగరాజు.

వారానికి సంచి వచ్చింది. నిజంగా మంచి సంచి. పెన్నూ పొట్లమూ ఎవరి కంటా పడకుండా అడుగున దుప్పటి మడతలో దాచేసి, ఇక భయం లేదనుకున్నాడు వెర్రిమనిషి.

మరుసటి వారమే సూర్యలంక పిలుపు. తెల్లవారుతుండగా సూది వేసుకుని బయల్దేరాడు, ఇడ్లీ చెరుకుపల్లిలో తిందామని. అక్కడ హోటలు మూసి ఉంది. ముందు ఊళ్లో తిందాంలే అని తొక్కాడు. ఎదురుగాలి. కర్లపాలెం ఇంకా రాలేదు, మెడ వెనక చల్లగా చెమట దిగింది. రోడ్డు రెండుగా కనపడింది. ఏం జరుగుతోందో తెలిసింది.

సైకిలు దిగి బకిల్ పట్టుకున్నాడు. వలకన్ను కళ్లు మూసుకుని ముడివేసే వేళ్లు అవి. ఇప్పుడు బెల్టు కొస కూడా చిక్కడం లేదు. లాగాడు, రాలేదు. మళ్లీ లాగాడు. ప్రాణం నిలిపే పొడి జానెడు దూరంలో ఉంది, చుక్క నీళ్లు కూడా చొరబడని సంచిలో. ఇక్కడే చచ్చిపోతాననుకున్నాడు. సైకిలుతో సహా ఇసకలో కూలబడ్డాడు.

పక్క చేలో వేరుశెనగ పీకుతున్న మాణిక్యమ్మ అనే పెద్దావిడ చూసి, పొద్దున్నే తాగి పడ్డాడని మొహం తిప్పుకుంది. ఆమెను వెళ్లిపోనిస్తే ఇక ఎవరూ లేరు. రెండేళ్లు దాచిన మాట నోరు పెగల్చుకుని చెప్పాడు.

"తాగలేదమ్మా. షుగరు పడిపోయింది. సంచిలో, అడుగున, పొడి ఉంది."

ఆవిడ పరిగెత్తుకొచ్చింది. బకిల్ జోలికి పోకుండా కొడవలితో రెండు బెల్టులూ తెగ్గోసి, దుప్పటి దులిపి, పొట్లం చింపి అతని నోట్లో పోసింది. కాసేపటికి వణుకు తగ్గాక తన డబ్బాలోని అన్నం తినిపించింది. ప్రాణం మీదికొచ్చేది మూట అడుగున ఎవరన్నా దాచుకుంటారా నాయనా అని బాగా తిట్టింది కూడా. తలొంచుకుని తిట్లు తిన్నాడు.

గంట కూర్చుని, ఎక్కువ దూరం సైకిలు నడిపించుకుంటూ సూర్యలంక చేరాడు. అక్కడ తోడుగా వలలు కుట్టేది మస్తాన్. వరసకి బావ, నోరు మాత్రం మైకు. అతని చెవిన పడిన మాట పొద్దుగూకేలోగా రామాపురం దాకా పోతుంది. తెగిన బెల్టులు చూసి, దొంగలు పడ్డారా, పెళ్లాం కోసిందా అని రోజంతా వేళాకోళం చేశాడు. శివనాగరాజు వలలోంచి తలెత్తలేదు.

పడుకునే వేళయ్యేసరికి మాత్రం ఆగలేకపోయాడు. బయటి ఊళ్లో ఏ రాత్రీ అతను సరిగా నిద్రపోలేదు, నిద్రలో షుగరు పడిపోతే లేవనేమోనని. ఇవాళ ఆ చావును కళ్లారా చూసొచ్చాడు. పని పోతే పోయింది, పొద్దున లేస్తే చాలనిపించింది. మస్తాన్‌కి మొత్తం చెప్పాడు. నిద్రలో చెమటలు పడితే పిలిచి చూడమనీ, పలికితే గ్లూకోజ్ ఇవ్వమనీ, పలక్కపోతే నోట్లో ఏమీ పొయ్యకుండా అంబులెన్సుకి ఫోన్ చెయ్యమనీ చెప్పి, బాపట్లలో కొన్న కొత్త పొట్లం అతని చేతిలో పెట్టాడు. మస్తాన్ నవ్వలేదు. ఇక రేపు ఊరంతా తెలుస్తుందనుకుంటూనే శివనాగరాజు ఒళ్లెరగకుండా నిద్రపోయాడు.

లేచేసరికి ఎండ వచ్చేసింది. పక్కన మస్తాన్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రబడ్డాయి. చేతిలో గ్లూకోజ్ పొట్లం చెమటకి తడిసిపోయింది.

"పడుకోలేదా బావా?"

"ఎక్కడ పడుకునేది? నీ ఊపిరి వినపడకపోతే చాలు, లేచి ముక్కు దగ్గర చెయ్యి పెట్టడమే సరిపోయింది." మస్తాన్ పొట్లం కింద పెట్టాడు. "ఒక్క రాత్రికే నా పై ప్రాణాలు పైనే పోయాయిరా. రెండేళ్ల నుంచి ఒక్కడివే ఎట్లా పడ్డావురా ఈ భయం?"

శివనాగరాజుకి ఏడుపొచ్చింది.